లాడ్జి రిసెప్షన్‌లో సమాచారం టీవీ: నా అనుభవం

తిరుపతి రైల్వే స్టేషన్ నుంచి నడిచి వచ్చేంత దూరంలో మా మేనమామ లాడ్జి ఉంది. అక్కడ లెక్కలూ ఆన్‌లైన్ బుకింగులూ చూసేది నేను. ప్రింటర్ మొరాయించినా, వైఫై పోయినా పిలుపు నాకే వస్తుంది. రిసెప్షన్‌లో టీవీ పెట్టి, సమాచారం దానంతటదే తిరుగుతూ ఉండేలా చేసే పని కూడా అలాగే నా నెత్తిన పడింది.

సమాచారం అంటే ఏమిటన్న దగ్గరే పేచీ వచ్చింది. మామకు ఏసీ గదుల ఫొటోలు, కింద ఉన్న ఫంక్షన్ హాలు, వెనకాల అన్నమయ్య కీర్తన కావాలి. కౌంటర్‌లో కూర్చునే కుర్రాడి బాధ వేరు. "పొద్దున్నుంచి చెప్పిందే చెప్పి గొంతు పోతా ఉందన్నా. గదుల ఫొటోలు ఎవురు చూస్తారు? గది కావాలనే కదా వాళ్ళు ఆడ నిలబడి ఉండేది" అన్నాడు. న్యాయమే. వచ్చినవాళ్ళు ఏమేం అడుగుతున్నారో పాత రిజిస్టర్ వెనక పేజీలో రాస్తూ ఉండమన్నాను. కొన్నాళ్ళయ్యాక చూస్తే అన్నీ అవే ప్రశ్నలు. దర్శనం టోకెన్లు ఎక్కడిస్తారు, డబ్బులు కట్టాలా, కొండకు బస్సు ఎక్కడ ఎక్కాలి, పంచె తప్పనిసరా, సెల్‌ఫోన్ గుడిలోకి తీసుకెళ్ళనిస్తారా, వేడినీళ్ళు ఎన్నింటికి వస్తాయి, గది ఎప్పుడు ఖాళీ చేయాలి.

ఫంక్షన్ హాలుకు చివర్లో ఒక స్లైడు ఇస్తానని మామతో రాజీ కుదుర్చుకున్నాను. కీర్తనకు మాత్రం ఒప్పుకోలేదు. రోజంతా అదే పాట తిరుగుతూ ఉంటే కౌంటర్‌లో మనిషన్నవాడు మిగలడు.

మొత్తం రెండు నిమిషాల్లో తిరిగేలా పెట్టాను. ఆధార్ జెరాక్స్ తీసి, రిజిస్టర్‌లో సంతకం పెట్టించుకుని, అడ్వాన్సు తీసుకుని తాళం చేతిలో పెట్టేలోపు మనిషి అక్కడ నిలబడేది ఐదారు నిమిషాలు. మొదటిసారి స్లైడు వచ్చినప్పుడు సామాన్లు లెక్కపెట్టుకుంటూ ఉంటారు. చదివేది రెండోసారే. పది నిమిషాల వీడియో పెడితే ఎవరికి ఏది కావాలో అది తప్ప మిగతావన్నీ కనిపిస్తాయి.

ఏమేం రాయకూడదో తేల్చుకోవడానికి చాలా టైమ్ పట్టింది. సర్వదర్శనం టైమ్‌స్లాట్ టోకెన్లు స్టేషన్ ఎదురుగా విష్ణునివాసంలో, బస్టాండ్ దగ్గర శ్రీనివాసంలో, అలిపిరి దగ్గర భూదేవి కాంప్లెక్స్‌లో ఇస్తారు, ఆధార్ ఉండాలి. ఇంతవరకు పెట్టాను. ఎన్నింటికి ఇవ్వడం మొదలుపెడతారు, ఈరోజు ఎన్ని ఇస్తారు అన్నవి పెట్టలేదు. రద్దీని బట్టి అవి మారిపోతుంటాయి. నడకదారి సంగతీ అంతే. అలిపిరి నుంచి 3,550 మెట్లు, శ్రీవారిమెట్టు నుంచి 2,388 మెట్లు అని ధైర్యంగా రాసుకోవచ్చు. కానీ 2023 ఆగస్టులో అలిపిరి దారిలో చిరుత ఒక చిన్నపాపను పొట్టన పెట్టుకున్నాక, పిల్లలతో నడిచేవాళ్ళకు వేళల ఆంక్షలు వచ్చాయి. ఆ తర్వాత వాటిలోనూ మార్పులు జరిగాయి. నడిచివెళ్ళేవాళ్ళకు టోకెన్లిచ్చే చోటు కూడా మారింది.

టీవీలో కనబడిందంటే జనం గట్టిగా నమ్ముతారు. నిన్నటి సంగతి చూసుకుని తెల్లవారుజామున మూడింటికి పిల్లల్ని లేపుకుని వెళ్ళి, ఉత్త చేతులతో తిరిగొస్తే తిట్లు తినేది కౌంటర్‌లో కుర్రాడే. అందుకని మారేవన్నీ టీవీ పక్కన చిన్న వైట్‌బోర్డు మీద మార్కర్‌తో రాయిస్తున్నాను. పైన తేదీ వేయకుండా రాస్తే తుడిచేయమని చెప్పాను.

అందరూ ఆగి చదివే స్లైడు ఒకటుంది. "ఈ టోకెన్లు ఉచితం. ఎవరికీ డబ్బులు ఇవ్వకండి. టోకెన్ దొరక్కపోయినా కొండకు వెళ్ళి వైకుంఠం క్యూ కాంప్లెక్స్ నుంచి సర్వదర్శనానికి వెళ్ళవచ్చు." సెల్‌ఫోన్ తీసి ఫొటో తీసుకునేలోపు స్లైడు మారిపోతోందని ఒక పెద్దాయన విసుక్కుంటే, దానికి ఇరవై సెకన్లు ఇచ్చాను. మిగతావాటికి ఎనిమిది, పది. వైకుంఠ ద్వార దర్శనం రోజుల్లో నియమాలు వేరుగా ఉంటాయి కాబట్టి అప్పుడు ఆ స్లైడు తీసేస్తాం.

తెలుగు ఒక్కటే పెడితే తిరుపతిలో సగం పని కూడా కాదు. తమిళం మా వాచ్‌మన్ చూశాడు, వాళ్ళది నగరి. కన్నడం చదివి సరిచేసింది కుప్పం నుంచి వచ్చే కారు డ్రైవర్. హిందీ మా అత్త దిద్దింది, హిందీ పండిట్‌గా చేసి రిటైరైంది కాబట్టి ఎర్రపెన్ను కూడా వాడింది.

తెలుగు టైపింగ్ ముందు మా బోర్డులు చేసే ఫ్లెక్సీ షాపులో చేయించాం. ఆ ఫైలు నా కంప్యూటర్లో తెరిస్తే పిల్లి కీబోర్డు మీద నడిచినట్టు ఇంగ్లీషు అక్షరాలు, గుర్తులు. వాళ్ళు వాడేది 'అను' అనే ఫాంట్లు, అవి యూనికోడ్ (ఏ కంప్యూటర్లోనైనా తెలుగు తెలుగుగానే కనబడే పద్ధతి) కాదు. ఆ ఫాంటు లేని కంప్యూటర్లో అంతే. అక్కడే జేపీజీ బొమ్మగా చేయించుకుని తెచ్చుకోవచ్చు, కానీ ఒక్క గంట మారినా మళ్ళీ షాపుకు పోవాలి. అందుకని విండోస్‌లో వచ్చే నిర్మలా యూఐ అనే ఫాంటులో మళ్ళీ టైపు చేశాను. తెలుగు, తమిళం, కన్నడం, హిందీ నాలుగూ దాంట్లోనే ఉన్నాయి. ఒక్కటే చూసుకోవాలి: పంక్తుల మధ్య ఖాళీ మామూలుగా వదిలేస్తే పై పంక్తిలోని వత్తు కింది పంక్తిలోని గుడి గుర్తు మీద కూర్చుంటుంది. "శ్రీవారిమెట్టు" కింద "టికెట్" వస్తే దూరం నుంచి ఏమీ అర్థం కాలేదు. ఖాళీ పెంచి, స్లైడుకు ఐదు పంక్తులకు మించకుండా, ముదురు నీలం మీద తెల్ల అక్షరాలు పెట్టాను. ఎదురుగా అద్దాల తలుపు ఉండటంతో పగలు లేత రంగులన్నీ వెలిసిపోయినట్టే ఉంటాయి.

పవర్‌పాయింట్‌లో ప్రతి స్లైడుకూ సెకన్లు పెట్టి, ఎక్స్‌పోర్ట్‌లో 1080పీ వీడియోగా మార్చి, పెన్‌డ్రైవ్ నేరుగా టీవీకి గుచ్చాం. రిపీట్ ఆన్ చేశాక బాగానే తిరిగింది. నాలుగు గంటలు రిమోట్ ముట్టకపోతే టీవీ ఆరిపోతుంది, అది సెట్టింగ్‌లో తీసేశాను. అసలు టెన్షన్ కరెంటుతో వచ్చింది. కరెంటు పోయి జనరేటర్ అందుకునేలోపు టీవీ ఆగుతుంది. తిరిగి వెలిగాక మన వీడియో రాదు, సీరియళ్ళ పోస్టర్లతో హోమ్‌పేజీ వస్తుంది. రాత్రి డ్యూటీలో ఉన్నవాళ్ళకు రిమోట్ వెతికి, ఫోల్డర్ తెరిచి, వీడియో పెట్టే ఓపిక ఎక్కడిది? పొద్దున నేను వెళ్ళేసరికి వెబ్ సిరీస్ ప్రకటన కింద గోవింద నామాల టోపీలు పెట్టుకుని జనం కూర్చుని ఉండేవాళ్ళు.

దాంతో రాస్ప్‌బెర్రీ పై 4 కొన్నాను. చేతిలో ఇమిడే చిన్న కంప్యూటర్. కరెంటు రాగానే దానంతటదే లేచి, పెన్‌డ్రైవ్‌లో ఉన్న వీడియోను వీఎల్‌సీ ప్లేయర్‌లో ఫుల్‌స్క్రీన్‌లో, లూప్‌లో ఆడేలా పెట్టాను. దీనికి సెల్‌ఫోన్ ఛార్జర్ పెడదామని మామ అన్నాడు. పెట్టి చూస్తే స్క్రీన్ మూలన మెరుపు గుర్తు వచ్చింది, అంటే కరెంటు చాలట్లేదని. దాని అడాప్టర్ దానికే కొనాలి, 5 వోల్టులు, 3 ఆంపియర్లు. టీవీకి బొమ్మ పంపే హెచ్‌డీఎంఐ సాకెట్లు దానికి రెండుంటే పవర్ పక్కనున్నదానికే కేబుల్ పెట్టాలి.

ఇంకో తిరకాసు ఉంది. కరెంటు వచ్చినప్పుడు ఈ డబ్బా టీవీ కంటే ముందే లేస్తుంది. అవతల టీవీ లేదనుకుని బొమ్మ పంపడం మానేస్తుంది. టీవీ కనబడినా కనబడకపోయినా పంపు అనే సెట్టింగ్ ఉంది, అది వేస్తే సరిపోయింది. టీవీ మెనూలో కూడా కరెంటు రాగానే వెలగాలి, హెచ్‌డీఎంఐ 1లోనే తెరుచుకోవాలి అని పెట్టాం. స్లైడు అంచులు తెగిపోతున్నాయి అనిపిస్తే బొమ్మ సైజులో స్క్రీన్ ఫిట్ అనేది చూడండి.

మాటిమాటికీ కరెంటు పోతే మెమరీ కార్డు పాడయ్యే ప్రమాదం ఉంది. దానికి ఓవర్‌లే ఫైల్ సిస్టమ్ ఆన్ చేశాను. అప్పుడు కార్డు మీద ఏమీ రాయదు కాబట్టి ఎప్పుడు ఆరిపోయినా ఫర్వాలేదు. వీడియో పెన్‌డ్రైవ్‌లో వేరుగా ఉంది కనుక మార్చాలంటే కార్డు జోలికి పోనక్కర్లేదు. కొత్త పెన్‌డ్రైవ్ గుచ్చి స్విచ్ ఆపి వేయమని ఫోన్‌లో చెప్తే చాలు, కుర్రాడే చేసేస్తాడు.

వేసవిలో చెకౌట్ స్లైడు ముందుకు జరిపాం. తమిళుల పెరటాసి నెలలో (సెప్టెంబరు-అక్టోబరు) శనివారాలు తమిళనాడు నుంచి వచ్చేవాళ్ళతో లాడ్జి నిండిపోతుంది. అప్పటికి తమిళం స్లైడులు రెండింతలు, హిందీ ఒక్కటి ఉన్న పెన్‌డ్రైవ్ వేరుగా చేసి కౌంటర్ సొరుగులో పెట్టాను. ఫంక్షన్ హాలు స్లైడు దాంట్లో కూడా ఉంది, మామ చూసుకున్నాడు.