మామ్మ చెప్పిన రెండు యుద్ధాలు

సామర్లకోటలో రైలెక్కేసరికి మా ఐదుగురి దగ్గరా ఉన్నవి రెండు ఫోన్లు, ఒక కాలరు మైకు, అరువు తెచ్చిన ట్రైపాడ్. 1942 ఏప్రిల్ 6న జపాన్ విమానాలు మా కాకినాడ మీదా, విశాఖపట్నం మీదా ఒకే రోజు బాంబులు వేశాయి. దాని మీద మేం సినిమా తీస్తున్నాం. మా ఊరి ముక్క షూటింగ్ నెల క్రితమే అయిపోయింది. మిగిలింది విశాఖ.

బీచ్ రోడ్డులో పాత డచ్చి బంగళాలో ఉన్న విశాఖ మ్యూజియంలో అప్పట్లో పడిన బాంబొకటి ఉంది. నిజం చెప్పాలంటే దాన్ని చూస్తే ఏమీ అనిపించలేదు, ఇనప పీపాలా ఉంది. రుయుజో అనే నౌక మీంచి వచ్చిన విమానాలు, హార్బరు అంటూ నేను కెమెరా ముందు అప్పజెప్పిన పాఠం కూడా అలాగే ఉంది. ఇసుకలో ఒక పక్కకి ఒరిగిన పిల్‌బాక్స్, అంటే సైనికులు లోపల్నుంచి తుపాకులు పేల్చడానికి కట్టిన కాంక్రీటు గది, మాత్రం బాగా పట్టేసింది. తుపాకీ గొట్టం పెట్టడానికి వదిలిన సన్నటి కంతలోంచి చూస్తే సముద్రం ఒక్క గీతలా కనిపిస్తుంది. ఆ షాటు ఉంచేశాం.

అసలు కథ జాలరిపేటలో దొరికింది. ఎండుచేపలు తిరగేస్తూ ఒక మామ్మ, చెయ్యి ఆపకుండానే మొదలెట్టింది.

"బాంబులేసిన నాటికి నాను సంటిదాన్నట బాబూ. కూడు పొయ్యి మీద అలగే వొగ్గేసి, మాయమ్మ నన్ను సంకనేసుకొని నడిసి పోనాదట. రేత్తిరి సముద్రంలో ఢామ్మంది, ఇంటి తలుపులదిరిపోనాయి. మావోలు పొద్దున్నే నీళ్ల మీద సమురు తెట్టు సూసినారు."

మాకు టెన్షన్ మొదలైంది. 1942 దాడి పట్టపగలు జరిగింది. రాత్రి పేలుడు, నీళ్ల మీద చమురు తెట్టు అంటే 1971 డిసెంబరు, పాకిస్తాన్ జలాంతర్గామి ఘాజీ మునిగిన రాత్రి. దాని శకలాలు ముందు కంటపడింది జాలర్లకే. ఇరవై తొమ్మిదేళ్ల తేడాతో వచ్చిన రెండు యుద్ధాలు మామ్మ నోట ఒకే ఊపిరిలో వచ్చేశాయి.

తిరుగు రైల్లో సామర్లకోట దాకా ఇదే గొడవ. రెండో సగం కోసేద్దామని ఎడిటింగ్ చేసేవాడు. కోస్తే సినిమా మాదవుతుంది గానీ ఆవిడది కాదని నేను. పైగా గాలి హోరుకి సగం మాటలు వినబడవు. చివరికి ఏమీ కోయలేదు. ఆవిడ మాట్లాడుతుంటే కింద 1942, తర్వాత 1971 అని అంకెలు వేశాం.

రెండు నెలల తర్వాత జాలరిపేటలోనే దుప్పటి కట్టి వేశాం. పిల్లలు విజిల్స్. ముందు వరసలో కూర్చున్న మామ్మ నన్ను చెయ్యూపి పిలిచింది.

"బాగుంది గానీ, నా మొకం మీద ఆ అంకెలేటి బాబూ?"