మైపాడు దారిలో థర్స్టన్ ఫోటోలు

నెల్లూరు నుంచి మైపాడు వెళ్ళే బస్సు ఇందుకూరుపేట దాటిన తర్వాత రోడ్డుకు రెండు వైపులా రొయ్యల గుంటలే. బకింగ్‌హాం కాలువకు దగ్గరలో దిగి, గట్టు వెంట నడిచి యానాదుల కాలనీకి చేరాను. తీరంలో ఎండ్రకాయలు పట్టడం, గుంటల దగ్గర రాత్రి కాపలా, కోతల తర్వాత పొలాల్లో ఎలుకలు పట్టడం అక్కడివాళ్ళ పనులు. నా సంచిలో ఉన్నవి నూరేళ్ళు దాటిన ఫోటోల నకళ్ళు. ఎవరి పూర్వీకులను తీశారో వాళ్ళకే వాటిని చూపించాలని చాలాకాలంగా కోరిక.

ఆ ఫోటోలు ఎడ్గర్ థర్స్టన్ సంపుటాల్లోవి. 1855లో పుట్టిన ఈయన లండన్‌లో వైద్యం చదివి, 1885లో మద్రాసు ప్రభుత్వ మ్యూజియం సూపరింటెండెంటుగా వచ్చాడు. 1908 దాకా ఎగ్మూరులోని ఆ మ్యూజియమే ఆయన కార్యస్థానం. 1901లో మద్రాసు ప్రెసిడెన్సీలో జాతుల సర్వే బాధ్యత కూడా ఆయనకే అప్పగించారు. సహాయకుడు కె. రంగాచారితో కలిసి కెమెరా, ఫోనోగ్రాఫు, తల కొలిచే పరికరాలు వెంటబెట్టుకుని ఊళ్ళు, కొండలు తిరిగాడు. ఆ శ్రమంతా 1909లో ‘కాస్ట్స్ అండ్ ట్రైబ్స్ ఆఫ్ సదరన్ ఇండియా’ పేరుతో ఏడు సంపుటాలుగా వెలువడింది. యానాదులు ఏడో సంపుటంలో ఉన్నారు.

కాలనీలో వేపచెట్టు కింద ఒక పెద్దాయన వల బాగుచేసుకుంటున్నాడు. కట్టెలు రాపాడించి నిప్పు పుట్టిస్తున్న యానాదుల ఫోటో ఆయన చేతికిచ్చాను. కళ్ళు చికిలించి చాలాసేపు చూశాడు. మనుషుల ముఖాల కంటే కట్టెల మీదే ఆయన చూపు నిలిచింది.

“మా తాత ఇలాగే చేసేవాడయ్యా. తడి తగిలిందంటే పొద్దంతా తిప్పినా పొగే గాని నిప్పు రాదు. అరచేతులు బొబ్బలెక్కేవి.”

“ఏ కట్టె వాడేవారు తాతా?”

“ఆరె. ఇక్కడెక్కడ ఉందిలే ఇప్పుడు!”

నాకు ఒళ్ళు పులకరించింది. థర్స్టన్ వివరణలోనూ నిప్పుకట్టెల్లో ఆరె ఉంది. పొట్టి కట్టెలో చతురస్రంగా గుంట తొలిచి నేలమీద కదలకుండా అదిమిపట్టాలనీ, పొడవాటి కట్టెను ఆ గుంటలో నిలిపి వడివడిగా తిప్పాలనీ, రాజుకున్న నిప్పును గుడ్డపేలికకో ఎండుటాకులకో అంటించాలనీ ఆ వర్ణన. బొగ్గుపొడి వాడరన్న సంగతి కూడా రాశాడు. ఇంత ఓపికగా చూసి రాసినందుకు ఆ మనిషి మీద నాకు గౌరవం ఉంది. అది చెప్పకపోతే అన్యాయం.

కానీ అదే మనిషి ముక్కు వెడల్పును, తల పొడవును కొలిచి జాతుల అంతరాలు తేల్చవచ్చని నమ్మాడు. చర్మం రంగును అంచనా వేయడానికి కూడా ఒక పరికరం వాడాడు. వేలిముద్రలు, దేహపు కొలతల గురించి మద్రాసు పోలీసులకు పాఠాలు చెప్పాడు. వైనాడులో పనియ తెగ స్త్రీలు ఆయనను చూసి పరుగెత్తారట, తమలో మంచివాళ్ళను ఏరి గడ్డి కూరి మ్యూజియంలో నిలబెడతాడని. నీలగిరుల్లో ఒక ఇరుళ తెగ మనిషి ఎత్తు కొలిచే కొయ్యను ఉరికంబం అనుకుని కొలతకు ఒప్పుకోనన్నాడు. ఈ రెండూ థర్స్టన్ తానే రాసుకున్నాడు, వేడుకగా. నేను చెప్పినప్పుడు చెట్టు కింద ఎవరూ నవ్వలేదు.

“భయం ఉండదా మరి?” అంది పక్కన బుట్ట అల్లుతున్న ఒక అవ్వ. ఆమె ఇంకొకటి కూడా అడిగింది: “ఆ పూట వేట మానుకుని కూర్చున్నారు కదా, వీళ్ళకు కూలి ఇచ్చారా?”

ఈ ప్రశ్న ఏ పండితుడూ వేయగా నేను వినలేదు. ఆ ఫోటోల గురించి అన్నిటికంటే ముందు అడగవలసింది అదేనని ఇప్పుడు నా నమ్మకం. కెమెరా ముందున్నది ఒక జాతికి నమూనా కాదు, పూట గడవడానికి పని ఉన్న మనిషి. అవ్వకు అది వెంటనే కనిపించింది. ఫోటో కింద మాత్రం జాతి పేరే ఉంది.

వెన్నెలకంటి రాఘవయ్య గారి సంగతి కూడా మాటల్లో వచ్చింది. ఈ జిల్లాలోనే పుట్టి, యానాదుల హక్కుల కోసం దశాబ్దాల పాటు తిరిగిన ఆయనకు 1973లో పద్మభూషణ్ వచ్చింది. పెద్దాయన తన చిన్నతనంలో ఆ పేరు విన్నానన్నాడు.

అవ్వ ఇంట్లో గోడమీద దేవుడి పటాలున్నాయి. ఆమె అమ్మానాన్నల ఫోటో ఒక్కటీ లేదు. తన ఫోటోలైతే రేషను కార్డు మీద, ఆధారు కార్డు మీద ఉన్నవే. తెచ్చిన నకళ్ళలో యానాది స్త్రీల ఫోటో చూసి, “ఇది నాకు ఇచ్చిపో” అంది. ఇచ్చాను. ఇలాంటి బొమ్మలన్నీ పెద్ద సైజులో అచ్చువేయించి ఆయా కాలనీల బడుల్లో, అంగన్‌వాడీల్లో పెట్టాలి. ఎగ్మూరు అలమరాల కంటే వీటికి అక్కడే ఎక్కువ పని ఉంది.

నిప్పు ఫోటో మాత్రం పెద్దాయన తిరిగి నా చేతికే ఇచ్చాడు. ఉదయగిరి కొండల వైపు తన మేనల్లుడి కుటుంబం ఉందట, అక్కడ ఆరె చెట్లు ఇంకా ఉన్నాయట. “వాడికి చూపించయ్యా, చేసి చూపిస్తాడు” అని ఊరి పేరు, బస్సు దిగాల్సిన చోటు చెప్పాడు. వానలు మొదలుకాకముందే వెళ్ళాలి, కట్టె తడిస్తే లాభం లేదు.