మిల్లీమీటరు కోసం ప్రోబ్‌తో కుస్తీ

డెంటల్ పీజీలో చిగుళ్ల జబ్బు మీద నా థీసిస్ కోసం పేషెంట్లను చూడటం మొదలుపెట్టే ముందు మా గైడ్ మేడం ఒక షరతు పెట్టారు. "ముందు నీ చేయి నమ్మొచ్చని తేలాలమ్మా, ఆ తర్వాతే పేషెంట్లు." దీన్నే కాలిబ్రేషన్ అంటారు. ఒకే నోటిలో చిగుళ్ల లోతుని కొంత వ్యవధి ఇచ్చి రెండుసార్లు కొలిస్తే రెండు చార్టులూ దాదాపు కలవాలి. ఒక మిల్లీమీటరు అటూ ఇటూ అయితే ఒప్పుకుంటారు. రెండేసి మిల్లీమీటర్ల తేడా తరచూ వస్తుంటే ఆ అంకెలతో ఎంత పెద్ద థీసిస్ రాసినా దండగే.

చూడ్డానికి ఇది చిన్న పనే. పంటికీ చిగురుకీ మధ్య సన్నటి సందు ఉంటుంది. చిగురు ఆరోగ్యంగా ఉంటే దాని లోతు 1 నుంచి 3 మిల్లీమీటర్లు. చిగుళ్ల జబ్బు వచ్చి లోపలి పట్టు వదిలేకొద్దీ ఆ సందు లోతై పాకెట్ అవుతుంది. గుర్తులున్న సన్నటి కడ్డీని అందులోకి దించి, చిగురు అంచు దగ్గర ఏ గుర్తు ఉందో చదవాలి. ఆ కడ్డీనే ప్రోబ్ అంటాం. చిక్కంతా ఎక్కడంటే, వచ్చిన అంకెలో చిగురు వాటా ఎంతో, పట్టుకున్న చేతి వాటా, ప్రోబ్ వాటా కూడా దాదాపు అంతే ఉంటాయి.

ప్రోబ్ ఎంచుకోవడం దగ్గరే కొంత కాలం గడిచింది. బీడీఎస్‌లో మా చేతికి అలవాటైంది విలియమ్స్ ప్రోబ్. 1936 నాటి నమూనా, ఇప్పటికీ వాడుతున్నారు. దాని మీద 1, 2, 3, 5, 7, 8, 9, 10 మిల్లీమీటర్ల దగ్గర గీతలుంటాయి. చదివేటప్పుడు తికమక పడకుండా 4, 6 దగ్గర గీత వదిలేశారు. మామూలు పరీక్షకి బాగానే ఉంటుంది కానీ నాకు సరిగ్గా ఆ రెండు అంకెలే కావాలి. 3 అంటే ఊరుకోవచ్చు, 4 అంటే ఆలోచించాలి. 5కీ 6కీ మధ్య కూడా అంతే, చికిత్స దారి మారుతుంది. గీత లేనిచోట కంటి అంచనాతో రాస్తే సోమవారం ఒక అంకె, గురువారం ఇంకో అంకె వస్తుంది.

అందుకే యూఎన్‌సీ-15 అనే ప్రోబ్ తీసుకున్నాను. 15 మిల్లీమీటర్ల వరకూ ప్రతి మిల్లీమీటరుకీ గీత ఉంటుంది. 4-5, 9-10, 14-15 మధ్య నల్ల పట్టీ ఉంటుంది కాబట్టి గీతలు లెక్కపెట్టక్కర్లేదు, పట్టీ ఎక్కడుందో చూస్తే చాలు. డబ్ల్యూహెచ్‌ఓ ప్రోబ్ సంగతి వేరు. కొసన అర మిల్లీమీటరు గుండు, 3.5 నుంచి 5.5 దాకా నల్ల పట్టీ. పట్టీ అంతా బయటే కనిపిస్తోందా, కొంత మునిగిందా, పూర్తిగా మాయమైందా అన్నది చూసి గబగబా ముందుకు వెళ్లిపోవచ్చు. క్యాంపుల్లో దానికి మించింది లేదు, థీసిస్‌కి మాత్రం చాలదు. దవడ పళ్ల వేర్లు చీలే చోటుకి తిన్నటి ప్రోబ్ ఏదీ పనికిరాదు, వంకీ తిరిగిన నేబర్స్ ప్రోబ్ ఉండాల్సిందే. ఎలక్ట్రానిక్ ప్రోబ్ కూడా చూశాను. ఒత్తిడి ఎప్పుడూ ఒకేలా ఉంటుంది, అంకె తనంతట తనే కంప్యూటర్లోకి వెళ్తుంది. కానీ లోపల గార తగిలినప్పుడు వేళ్లకి తెలిసే గరుకు దానితో అంతగా తెలియదు. నాకైతే ఆ గరుకు తెలియకపోతే గుడ్డిగా వెళ్తున్నట్టే ఉంటుంది.

ఇంకో విషయం, దీన్ని చాలామంది పట్టించుకోరు. ఒకే పేరుతో అమ్మే ప్రోబులైనా గీతల దూరం, కొస మందం అచ్చంగా ఒకేలా ఉండకపోవచ్చు. ఒకే బలంతో నొక్కినా సన్నటి కొస ఎక్కువ లోతుకి దిగుతుంది. ఆవిరితో క్రిములు చంపే ఆటోక్లేవ్‌లో పదేపదే పెడుతుంటే గీతలు వెలిసిపోవడం కూడా ఉంది. అందుకే ఒకే కంపెనీవి కొన్ని ఒకేసారి తీసుకుని, భూతద్దం కింద స్కేలు పక్కన పెట్టి చూసి, థీసిస్ అయ్యేదాకా వాటినే వాడాను.

తర్వాత చేతి పని. ప్రోబ్‌ని దాదాపు 20 నుంచి 25 గ్రాముల బలంతో దించాలి. చెప్పడం తేలికే, ఆ బలం ఎంతో వేళ్లకి ఎలా తెలుస్తుంది? ల్యాబ్‌లోని డిజిటల్ తూకం మీద ప్రోబ్ కొసతో నొక్కుతూ, అంకె చూడకుండా 25 దగ్గర ఆపడం సాధన చేశాను. మొదట్లో 60, 70 చూపించేది, నేనేమో సుతారంగానే నొక్కుతున్నాననుకునేదాన్ని. పాతకాలం పద్ధతి ఒకటుంది. బొటనవేలి గోరు కింద కొస పెట్టి, గోరు కింది చర్మం తెల్లబడేంత వరకే నొక్కాలి, నొప్పి రాకూడదు. తూకం దొరకనప్పుడు అదే దిక్కు.

కోణం ఇంకా ఇబ్బంది పెట్టింది. ప్రోబ్ పంటి నిలువుకి సమాంతరంగా ఉండాలి. రెండు పళ్లు ఒరుసుకునే చోట మాత్రం సరిగ్గా నిలువుగా పెడితే కొస లోతైన చోటుకి చేరదు, కాస్త వాలిస్తేనే చేరుతుంది. ఆ వాలు ఎక్కువైతే లేని లోతు చూపిస్తుంది. పై దవడలో చివరి పన్ను వెనక వైపుకి నా చేయి సరిగ్గా పోయేదే కాదు. నోరు బాగా తెరవమంటే చోటు దొరుకుతుందనుకుంటాం, నిజానికి సగం మూయమంటే బుగ్గ వదులై ప్రోబ్ తేలిగ్గా వెళ్తుంది. ఈ కిటుకు ఒక సీనియర్ చెప్పింది. ఆ తర్వాతే ఆ పళ్ల రీడింగులు కుదుటపడ్డాయి.

ఒక్కో పంటికి ఆరు చోట్ల కొలవాలి, బయటివైపు మూడు, లోపలివైపు మూడు. ఆరు చోట్ల గుచ్చి తీయడం కాదు. కొసని చిగురు కిందే ఉంచి మిల్లీమీటరు చొప్పున పైకీ కిందకీ ఆడిస్తూ పంటి చుట్టూ నడిపించి, ఒక్కో భాగంలో అన్నిటికన్నా లోతైనది రాయాలి. పాకెట్ అడుగు మెత్తగా, కొంచెం స్ప్రింగులా ఉంటుంది. గట్టిగా, గరుకుగా ఆగిందంటే అది అడుగు కాదు, గార. అప్పుడు కొసని కాస్త పక్కకి తప్పించి మళ్లీ దించాలి. 28 పళ్లున్న నోటికి 168 అంకెలు. నేను చెబుతుంటే జూనియర్ రాసేది. రెండోసారి కొలిచేటప్పుడు మొదటి చార్టు నాకు కనిపించకుండా దాచేసేది. ఇది చాలా ముఖ్యం, లేకపోతే కళ్లు గుర్తున్న అంకెనే వెతుక్కుంటాయి.

తీరా చార్టులు పోల్చి చూస్తే లోతులు బాగానే కలిశాయి. కలవనిది అటాచ్‌మెంట్ లాస్, అంటే పంటి మీద చిగురుకి పోయిన పట్టు. పాకెట్ లోతు చిగురు అంచు నుంచి కొలుస్తాం, ఆ అంచేమో వాపుతో పైకి లేస్తుంది, జబ్బుతో కిందకి జారుతుంది. అందుకే పంటి మీద కదలని గుర్తు కావాలి. అది ఎనామెల్ ముగిసి వేరు మొదలయ్యే గీత. చిగురు ఆ గీతకి 4 మిల్లీమీటర్లు కిందకి జారి, పాకెట్ 3 ఉంటే, చార్టులో 3 ముద్దుగా కనిపిస్తుంది కానీ పోయిన పట్టు 7. అదే వాచిన చిగురు ఆ గీతకి 2 మిల్లీమీటర్లు పైన ఉండి పాకెట్ 5 వస్తే, పోయింది 3 మాత్రమే. గీత బయటికి కనిపిస్తే ఇబ్బంది లేదు. చిగురు కింద ఉంటే ప్రోబ్ కొసకి తగిలే చిన్న మెట్టుని బట్టి పోల్చుకోవాలి. గార పేరుకుంటే ఆ మెట్టు కూడా తెలియదు. మేడం పక్కన కూర్చుని, ముందు పీకేసిన పళ్ల మీద కళ్లు మూసుకుని ఆ మెట్టు వెతికించారు. అంకెలు కలవడం ఆ తర్వాత మొదలైంది, కాలిబ్రేషన్ గట్టెక్కింది.

ప్రోబ్ పెట్టిన చోట చిగురు నుంచి రక్తం వచ్చిందా లేదా అన్నది కూడా చార్టులో ఉంటుంది. ప్రోబ్ తీశాక కొన్ని సెకన్లు ఆగి చూడాలి, వెంటనే రాకపోవచ్చు. నోరంతటిలో రక్తం వచ్చిన చోట్లు 10 శాతంలోపు ఉంటే మంచి లెక్క. పొగతాగేవాళ్ల దగ్గర మాత్రం దీన్ని నమ్మకూడదు, లోపల జబ్బున్నా రక్తం తక్కువే వస్తుంది. ప్రోబ్ పట్టుకునే ముందు గుండె కవాటం మార్చారా అని తప్పక అడగాలి. అలాంటివాళ్లకి చిగురు కింద పరికరం పెట్టే ముందే యాంటీబయాటిక్ ఇవ్వాల్సి ఉంటుంది.

థీసిస్‌లో ఒక పెద్దాయనకి క్లీనింగ్ అయ్యాక తిరిగి కొలిస్తే 6 ఉన్నచోట 4 వచ్చింది. "ఎముక మళ్లీ పెరిగిందన్నమాట, కదమ్మా?" అని సంబరంగా అడిగాడు. పెరగలేదండీ, వాపు తగ్గి చిగురు కొంత కిందకి దిగింది, లోపల కండ గట్టిపడి ప్రోబ్ ఇదివరకటంత లోతుకి చొరబడటం లేదు అని చెప్పాను. మొహం కాస్త చిన్నబోయింది. రక్తం రాలేదు కాబట్టి ఆ 4కి ఇప్పుడు సర్జరీ అక్కర్లేదనీ, మూడు నెలల తర్వాత వస్తే చాలనీ అన్నాక, పళ్ల మధ్య తోముకునే చిన్న బ్రష్ ఏ సైజు వాడాలో అడిగి రాయించుకుని వెళ్లాడు.