తొమ్మిది రెట్లే ఎక్కువ

స్ప్రింగ్ ఎయిర్ రైఫిల్‌కి స్కోప్ కొనేటప్పుడు నా మనసంతా 24 రెట్లు పెద్దగా చూపేదాని మీదే. "25 మీటర్ల దూరంలోని కాగితానికి అంతెందుకు బామ్మర్దీ? ముందు, స్ప్రింగ్ దెబ్బకు తట్టుకుంటుందో లేదో చూడు" అన్నాడు బావ. నిజమే, ఈ రైఫిల్ వెనక్కీ ముందుకీ రెండువైపులా తంతుంది, మామూలు స్కోప్ నిలవదు. చివరికి 3–9×40 తీసుకున్నాను: 3 నుంచి 9 రెట్లు పెద్దగా చూపుతుంది, ముందు అద్దం వెడల్పు 40 మిల్లీమీటర్లు.

నర్సంపేట దగ్గర మా పొలంలో, మట్టిగట్టు ముందు కాగితం పెట్టి, మొదటి రోజే రెట్లు మార్చే రింగ్‌ని 9కి తిప్పేశాను. గుండె కొట్టుకున్నప్పుడల్లా క్రాస్‌హెయిర్, అదే స్కోప్‌లోని గురిగీతల గుర్తు, ఎగురుతోంది. కన్ను కొంచెం జరిగితే చుట్టూ నల్లటి నీడ. 40ని 9తో భాగిస్తే కంటికొచ్చే వెలుగు వలయం నాలుగున్నర మిల్లీమీటర్లు కూడా ఉండదు. 4 దగ్గర అదే 10. రింగ్ 4కి తెచ్చాక టెన్షన్ తగ్గి, ఊపిరి మీద ధ్యాస నిలిచింది.

జీరో చేయడానికి, అంటే గురిపెట్టిన చోటే పెల్లెట్ తగిలేలా స్కోప్ సర్దడానికి మాత్రం వారం పట్టింది. పెల్లెట్ 3 సెంటీమీటర్లు కింద పడుతోంది. స్కోప్ మీది మరను నాలుగైదు క్లిక్కులు తిప్పి, పెద్దగా తేడా కనిపించక, స్కోప్ పాడైందని దిగులుపడ్డాను. నా స్కోప్ పావు ఎంఓఏది; ఎంఓఏ అంటే డిగ్రీలో అరవయ్యో వంతు కోణం, క్లిక్కుకు అందులో పావు వంతే గురి కదులుతుంది. 25 మీటర్ల దగ్గర ఒక్క క్లిక్కుకు జరిగేది 1.8 మిల్లీమీటర్లే. పదహారు తిప్పాలి!

నిన్న సాయంత్రం ఐదు రంధ్రాలూ రూపాయి బిళ్ల కింద దాగాయి. ఆ కాగితం పర్సులో పెట్టుకున్నాను.