బరంపురానికి అప్పడాలు

మా మేనకోడలి ఇంగ్లీషు నోటుపుస్తకంలో నుడికారాల పేజీకి రెండు గడులు ఉన్నాయి. ఎడమ గడిలో నుడికారం, కుడి గడిలో దాని అర్థం. తొమ్మిదో తరగతి పరీక్షకు అది చాలు కాబట్టి ఆమె అన్నిటినీ కంఠతా పట్టింది. కానీ ఆ మాటను ఎవరు, ఎవరితో, ఏ సందర్భంలో అనవచ్చునన్నది ఆ రెండు గడుల్లో ఎక్కడా లేదు. నుడికారం విషయంలో అసలు తెలుసుకోవలసింది అదేనని నా నమ్మకం. ఈ ఆదివారం ఆమె మా ఇంట్లోనే ఉండడంతో పుస్తకం పక్కన పెట్టి, ఇంట్లో ఏది జరిగితే దానికి తగిన మాట వెతుకుదామని అనుకున్నాము.

ఉదయం మా పక్క వాటాలోకి కొత్తగా వచ్చిన కటక్ వారి ఇల్లాలు మొదటిసారి మా ఇంటికి వచ్చారు. ఆమెకు తెలుగు రాదు, మా మేనకోడలికి బడిలో నేర్చిన ఒడియా వచ్చినా కొత్తవారి ఎదుట నోరు పెగలదు. ఇద్దరూ గుమ్మం దగ్గర ఒకరినొకరు చూసుకుంటూ నిలబడి ఉండగా, ఒడిశాలోని ఈ పర్లాకిమిడిలోనే పుట్టి పెరిగిన మా అమ్మ వంటింట్లోంచి "ఆసన్తు, బసన్తు" అంటూ వచ్చి, కుర్చీ జరిపి, ఏ ఊరు, పిల్లలెందరు అని అడగడం మొదలుపెట్టింది. కాసేపటికి మా పిల్ల కూడా ఆవిడతో ధారాళంగా మాట్లాడుతోంది. "నాన్నమ్మ బ్రేక్ ద ఐస్ చేసింది కదా, అత్తా?" అని నా చెవిలో అడిగింది. అవునన్నాను. నీళ్లు గడ్డకట్టి ఓడలు కదలలేని సముద్రాల నుంచి వచ్చిన ఆ మాటను మా ఊరి మహేంద్రతనయ నది ఒడ్డున ఊహించుకోవడం కష్టమే కానీ, కొత్త మనుషుల మధ్య బిగుసుకుపోయిన మౌనాన్ని పోగొట్టి మాట కలపడమంటే ఏమిటో ఆమె కళ్లారా చూసింది.

ఆ సమయానికి అమ్మ బరంపురంలో ఉన్న మా వదినగారి పుట్టింటికి పంపడానికి అప్పడాలను కాగితంలో చుట్టి కడుతోంది. ఆ మూట చూసి కటక్ ఆవిడ నవ్వి, "తేలియా ముణ్డొరె తేలొ" అన్నారు. నూనె కారుతున్న తలకే మళ్లీ నూనె రాయడమని దాని అర్థం. అప్పడాలకూ పచ్చళ్లకూ పేరుపడ్డ బరంపురానికి మనం అప్పడాలు పంపడమేమిటని ఆవిడ ఉద్దేశం. దీనికి సాటి మాట ఇంగ్లీషులో "క్యారీ కోల్స్ టు న్యూకాసిల్" అని నేను చెప్పాను. ఇంగ్లండు ఉత్తరాన, టైన్ నది ఒడ్డున ఉన్న ఆ ఊరి నుంచే శతాబ్దాల పాటు లండన్‌కు ఓడల మీద బొగ్గు వెళ్లేది కనుక, అక్కడికి బొగ్గు మోసుకుపోవడం వృథా ప్రయాసకు గుర్తయింది. మా అమ్మ మాత్రం మూట విప్పలేదు. "ఊరంతా అప్పడాలే కావచ్చు, మన ఇంటి ఇంగువ పాళ్లు అక్కడ ఎవరికి తెలుసు?" అంది. రెండు సామెతలకూ అంతకంటే మంచి జవాబు నేనింతవరకూ వినలేదు.

మధ్యాహ్నం భోజనాల దగ్గర మా వీధి చివర ఇంటి తాతగారి ప్రస్తావన వచ్చింది. ఆయన పోయి ఇంకా పదో రోజు కాలేదు. మా మేనకోడలు, పొద్దుటి ఉత్సాహంలోనే, ఆయన పేరుతో మొదలుపెట్టి "కిక్ ద బకెట్" అనబోయింది. నేను వెంటనే ఆపాను. ఆమె నోటుపుస్తకంలో దాని ఎదుట "చనిపోవుట" అని మాత్రమే ఉంది, అందులో తప్పేమీ లేదు. కానీ తెలుగులో మనం ఒక పెద్దాయన గురించి "కాలం చేశారు" అంటాము, ఇంటివారితో "పోయారట" అని గొంతు తగ్గించి అంటాము, గిట్టనివాడి గురించి "గుటుక్కుమన్నాడు" అంటాము. కుర్రవాళ్లు వేళాకోళానికి "బాల్చీ తన్నేశాడు" అనడం కూడా వింటూనే ఉన్నాము. ఈ నాలుగింటికీ అర్థం ఒకటే అయినా, వీటిలో ఏది ఎక్కడ అనకూడదో మన పిల్లలకు ఎవరూ పాఠం చెప్పకుండానే తెలుసు. చావు ఇంటి అరుగు మీద పెద్దలు ఏ మాట అంటున్నారో, ఏ మాట మింగేస్తున్నారో వాళ్లు చూస్తూ పెరిగారు. ఇంగ్లీషు వారి అరుగు మనకు లేదు కాబట్టి, ఆ మాట చనువుగా, కొంత ఎగతాళిగా అనేదే తప్ప సంతాపం చెప్పేటప్పుడు అనేది కాదని ఎవరో ఒకరు విడమరచి చెప్పాలి. "మరి పుస్తకంలో ఆ సంగతి ఎందుకు రాయలేదు?" అని ఆమె అడిగిన తీరులో బాధ ఉంది, ఆ బాధ న్యాయమైనది.

ఇదే ఊళ్లో గిడుగు రామమూర్తి పంతులుగారు రాజావారి బడిలో ఉపాధ్యాయుడిగా ఉంటూ సవర భాష నేర్చుకున్నారు. ఆ భాషకు అప్పటికి పుస్తకాలు లేవు. తెలుగు తెలిసిన ఒక సవర మనిషిని ఇంట్లో పెట్టుకుని ఆయన నోటి నుంచే నేర్చుకున్నారు. సవర–ఇంగ్లీషు నిఘంటువు ఆ తరువాతి సంగతి. ముందు మనిషి, తరువాత పుస్తకం అన్న ఆ వరస నుడికారాలకు మరీ అవసరమని నాకనిపిస్తుంది.

భోజనాలయ్యాక "వన్స్ ఇన్ ఎ బ్లూ మూన్" వచ్చింది. ఎప్పుడో గాని ఉత్తరం రాయని మా చిన్నాన్నను తలచుకుని అమ్మ "పుష్కరానికోసారి" అనడంతో అది గుర్తుకొచ్చింది. ఒకే నెలలో రెండో పున్నమి వస్తే దాన్ని నీలి చంద్రుడనడం 1946లో ఒక అమెరికా ఖగోళ పత్రికలో వచ్చిన వ్యాసం తరువాత వ్యాపించిన లెక్క, నుడికారం అంతకంటే పాతది. 2023 ఆగస్టులో అలా రెండు పున్నములు వచ్చాయని చెప్పగానే, ఆ ఏడు అధిక శ్రావణం కూడా వచ్చిందని అమ్మ అందుకుంది. పన్నెండు చాంద్రమాసాలు సుమారు 354 రోజులే కావడంతో ఏటా మిగిలే పదకొండు రోజులు పోగుపడి, రెండున్నరేళ్లు దాటాక ఒక నెలంత అవుతాయి. మన అధిక మాసానికీ వారి రెండో పున్నమికీ మూలం ఆ మిగులే. అంటే నీలి చంద్రుడు పుష్కరమంత అరుదు కాదు. అయినా మాటగా రెండూ ఒకే చోట పనికివస్తాయి.

రాత్రి మా పిల్ల బరంపురం మూటలోంచి రెండు అప్పడాలు లాగి కాల్చుకుంది. అమ్మ అటువైపే కూర్చుని ఉండి ఏమీ అనలేదు. "నాన్నమ్మ టర్న్ ఎ బ్లైండ్ ఐ చేసింది" అంది పిల్ల. 1801లో కోపెన్‌హేగన్ యుద్ధంలో, వెనక్కు రమ్మని పై అధికారి జెండాలతో సంకేతమిస్తే, ఇంగ్లీషు నౌకాదళాధికారి నెల్సన్ దుర్భిణిని చూపు లేని కంటికి పెట్టుకుని తనకు సంకేతం కనబడడం లేదన్నాడని చెబుతారు. ఆ కథ విని ఆమె కాసేపు ఆలోచించి, "చూసీ చూడనట్టు ఊరుకోవడం ముద్దుకొద్దీ కదా, ఈ ఇంగ్లీషు మాట కూడా ముద్దుగా అనేదేనా?" అని అడిగింది. సాధారణంగా కాదని, తప్పును ఆపవలసిన బాధ్యత ఉన్నవారు ఆపకుండా ఊరుకున్నప్పుడు నిందగా ఆ మాట వాడతారని చెప్పాను. ఆమె నోటుపుస్తకం తెరిచి, కుడి గడి పక్కన స్కేలుతో మూడో గడి గీసి, అందులో "అధికారులకు; నాన్నమ్మకు కాదు" అని రాసుకుంది.