నీళ్లున్నప్పుడు డేట్లు లేవు

నా స్క్రీన్‌ప్లే ధవళేశ్వరం బ్యారేజీ వద్ద నీటిమట్టం 11.75 అడుగులకు చేరి మొదటి ప్రమాద హెచ్చరిక జారీ అయిన నాడు మొదలై, 17.75 అడుగుల వద్ద మూడో హెచ్చరిక వెలువడిన రాత్రి ముగుస్తుంది. అంటే దానిని గోదావరికి వరద వచ్చే నెలల్లోనే తీయాలి. రాసేటప్పుడు తట్టని ఈ సంగతి నటుల తలుపు తట్టాక తెలిసింది.

హీరో డేట్లు ఉన్నాయా అని నిర్మాత అడుగుతాడు, నిర్మాత ఎవరని హీరో మేనేజరు అడుగుతాడు, ఇద్దరిలో ఒకరు దొరికాక రమ్మని దర్శకుడు అంటాడు. రచయితల సంఘంలో కథ నమోదు చేయించి, నేను ముందుగా హీరో దగ్గరికే వెళ్లాను. ఆయన మర్యాదగా విని, "బాగుందండీ, చేద్దాం" అన్నారు. ఆ ఒక్క మాట పట్టుకొని అమలాపురం వచ్చి, నెల రోజులపాటు ఊరంతా చెప్పుకొన్నాను. తీరా మేనేజరు చూపించిన ఖాళీ ఏప్రిల్, మే నెలల్లో ఉంది. అప్పటికి డెల్టా కాలువలు కట్టేస్తారు. మా లంకకు వెళ్లే పాయలో ఇసుక మీద నడిచిపోవచ్చు. వరదను గ్రాఫిక్స్‌లో పెట్టుకోమని ఆయన సలహా కూడా ఇచ్చారు.

నా లెక్కలో ఒప్పుకోవడమంటే అడ్వాన్సు తీసుకొని కాల్షీట్లు ఇవ్వడం. అంతకు ముందు చెప్పేదంతా మర్యాదే. హాలీవుడ్‌లో లెటర్ ఆఫ్ ఇంటెంట్ అని, సినిమా చేసే ఉద్దేశం ఉందని నటుడు రాసిచ్చే కాగితం ఉంటుంది. సాధారణంగా దానివల్ల నటుడికి చట్టపరమైన బాధ్యత ఏర్పడకపోయినా, పెట్టుబడి పెట్టేవారికి చూపించడానికి పనికొస్తుంది. మన దగ్గర ఆ పని హీరోకు శాలువా కప్పి తీయించుకొన్న ఫొటో చేస్తుంది.

రెండోసారి దర్శకుడి దగ్గరికి వెళ్లాను. కథ వినిపించడానికి బదులు, ఆగస్టులో ఆయనను రేవుకు తీసుకువెళ్లి నాటు పడవ ఎక్కించాను. నీళ్లు ఎర్రగా, సుడులు తిరుగుతూ ఉన్నాయి. ఒక ముసలామె బెదురుతున్న లేగదూడ కళ్లకు తన కొంగు అడ్డుపెట్టి పడవలోకి నడిపించింది. దర్శకుడు స్క్రిప్టు తెరిచి, సీను పక్కన ఖాళీలో అది రాసుకొన్నారు. ఆ తరువాత, "హీరో సంగతి సరేనండీ, మీ పడవవాడి పాత్ర ఎవరు వేస్తారు?" అని అడిగారు. పరిషత్తు నాటకాలు ఆడే ఒక పెద్దాయన పేరు చెప్పాను. ఆయన కథ పూర్తిగా విని, ఈత వచ్చునని మాత్రం చెప్పి, ఆగస్టు నెల రాసుకోమన్నారు.

దర్శకుడు, పడవవాడు కుదిరారు గాని, నిర్మాత ఇంకా కుదరలేదు. దర్శకుడు మాత్రం ఫోను చేసినప్పుడల్లా ముందు బ్యారేజీ దగ్గర మట్టం ఎంతుందని అడిగి, నిర్మాత మాట ఆ తరువాతే ఎత్తుతున్నారు.