అవ్వ మిద్దె

"అమ్మా, అవ్వ ఇల్లు కూడా మట్టిదే కదా. మరి మనం అక్కడెందుకు పడుకోం?"

పోయిన డిసెంబరులో జమ్మలమడుగు దగ్గర మా ఊరి నుంచి ప్రొద్దుటూరు లాడ్జికి వెళ్తుంటే, కారులో మా పదేళ్ల పాప అడిగింది. మూడు రోజులుగా అదే వరస. పగలంతా అవ్వ దగ్గర, చీకటి పడగానే ఏసీ రూముకు. దోమలని, బాత్రూమని ఏదో చెప్పాను. అది నమ్మలేదు.

నమ్మకపోవడానికి కారణం నేనే. ఆ వేసవిలో అమెరికాలో యోసెమిటీ నేషనల్ పార్కు చూడబోయి, పార్కులో రూములు దొరకక దారిలో గ్రోవ్‌ల్యాండ్ అనే చిన్న ఊళ్లో దిగాం. అక్కడ మేం దిగిన గ్రోవ్‌ల్యాండ్ హోటల్‌ను 1849లో, బంగారం కోసం జనం కాలిఫోర్నియాకు ఎగబడిన రోజుల్లో కట్టారు. గోడలు అడోబీ, అంటే కాల్చకుండా ఎండబెట్టిన పచ్చి ఇటుకలు. పక్కనున్న చెక్క భవనం 1914 నాటిది, హెచ్ హెచీ డ్యామ్ పనులకు వచ్చేవాళ్ల కోసం లేపారు. ఆ డ్యామ్ నీళ్లే ఇప్పటికీ శాన్‌ఫ్రాన్సిస్కోకు వెళ్తాయి. ఇవన్నీ పాపకు చెప్పింది నేనే. గోడ మీద చెయ్యి పెట్టించి, "ఇంత మందం ఉంది కాబట్టే ఎండ లోపలికి దిగదు" అని మురిసిపోయాను.

మా ఇంటి గోడలూ మూరెడు మందమే. పైన దూలాలు, దంతెలు, వాటి మీద మట్టి. వెలుతురుకు కప్పులో గవాచి అనే కంత. వానలకు ముందు చౌడు మట్టి తెచ్చి మిద్దె మీద పరిస్తే నీళ్లు దిగవు. చిన్నప్పుడు ఆ గంపలు నేనూ మోశాను. ఇందులో ఒక్క ముక్క కూడా నా బిడ్డకు చెప్పలేదు.

నా భయం దోమల గురించి కాదు. నేను పుట్టిన ఇంటిని చూసి అది ముక్కు చిట్లిస్తే తట్టుకోలేను. అది చిన్నచూపు చూడకముందే నేనే చూసేశాను. రెండేళ్లుగా తమ్ముడితో "మిద్దె కొట్టేసి స్లాబు వేద్దాం, డబ్బు నేను పంపుతా" అంటున్నదీ నేనే.

మర్నాడు రాత్రి అక్కడే ఉంటామంటే అమ్మే ఒప్పుకోలేదు. "పిల్లోళ్లకు అలవాటు ల్యాదు పాపా, ఆడనే పండుకోండి" అంది. మూడు రాత్రులు నేను చెప్పిన మాటే అది. ఆమె నోట వినేసరికి గొంతు పట్టేసింది. చివరికి బండల మీద పరుపు వేసుకుని పడుకున్నాం. ఈ ఇల్లు ఏ సంవత్సరం కట్టారని పాప అడిగితే, "మా అత్త కాపురానికొచ్చిన ఏడాదే దూలాలెత్తినారంట" అంది అమ్మ. పాప వేళ్ల మీద లెక్కపెడుతూనే నిద్రపోయింది. తెల్లారి దుప్పటి మీద మట్టి రాలి ఉంటే, విసుక్కుంటుందేమో అనుకున్నాను. దులిపేసి అవ్వ వెంట పొయ్యి దగ్గరికి వెళ్లింది.

పిల్లల్ని ఊరికి తీసుకెళ్తే సొంతింట్లోనే పడుకోబెట్టండని మీకు చెప్పాలనుంది. కానీ నేను ఉన్నది ఒక్క రాత్రి. ఏటా చౌడు మోసేది తమ్ముడు, గవాచిలోంచి వాన పడితే బోకులు పెట్టేది డెబ్బై దాటిన అమ్మ. మిద్దె ఉంచుదామని నేను ఏ ముఖంతో అడగను?

నిన్న తమ్ముడు ఫోన్ చేశాడు. ఉగాది తర్వాత పని మొదలుపెడదామా అక్కా అన్నాడు. రెండు రోజులు టైమ్ ఇవ్వమన్నాను.